అంచున్న చెరువే ఆసరా: సైబరాబాద్ చెరువుల నుంచి తిరిగి వెళ్లే వలస పక్షులు

ఏటా చలికాలంలో అమీన్‌పూర్ చెరువుకు రాజహంసలు వచ్చాయన్న వార్త, గండిపేటలో బాతుల గుంపు దిగిందన్న ఫొటో పత్రికల్లో కనిపిస్తాయి. సంక్రాంతి దాటాక ఆ సందడి సద్దుమణుగుతుంది. వచ్చిన పక్షులు ఎప్పుడు తిరిగి వెళ్లాయో, ఏ స్థితిలో వెళ్లాయో ఎవరూ రాయరు. అయితే వలస పక్షి ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఈ తిరుగు ప్రయాణమే. ఫిబ్రవరి నుంచి మే నెల మొదటి వారాల దాకా మన చెరువుల్లో కడుపునిండా తిని ఒంట్లో కొవ్వు కూడబెట్టుకున్న పక్షి హిమాలయాలు, మధ్య ఆసియా ఎడారులు దాటి సకాలంలో గూటి చోటికి చేరుతుంది. బక్కచిక్కి బయల్దేరినది దారిలో రాలిపోతుంది, లేదా ఆలస్యంగా చేరి ఆ ఏడాది పిల్లల్ని పోగొట్టుకుంటుంది.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా ఐటీ కారిడార్ పడమటికి పాకుతూనే ఉంది. ఆ దారిలోని చెరువులు వెళ్లే పక్షికి ఇంకా తిండి పెట్టగలుగుతున్నాయా అన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న. ఇప్పటిదాకా పోగైన పరిశీలనలు, చట్టాలు, చెరువు పనులు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఒక్కటే. చెరువు బాగుందా లేదా అన్నది మనం నీటి విస్తీర్ణంతో కొలుస్తున్నాం. వలస పక్షుల్లో ఎక్కువ జాతులు బతికేది నీటి అంచున, వేలెడు లోతు నీళ్లూ తడి బురదా కలిసే చోట. ఆ అంచు లేకపోతే చెరువు నిండుకుండలా ఉన్నా వాటి పాలిట ఖాళీ విస్తరే.

వెళ్లే వరుస

హైదరాబాద్ మధ్య ఆసియా వలస మార్గంలో ఉంది. ఆర్కిటిక్ తీరం నుంచి హిందూ మహాసముద్రం దాకా సుమారు 30 దేశాల మీదుగా సాగే దారి ఇది. ఈ దారి కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2020 ఫిబ్రవరిలో వలస జీవజాతుల ఒప్పంద దేశాల సమావేశం గాంధీనగర్‌లో జరిగినప్పుడు ఈ మార్గం బాధ్యతను భారత్ ముందుండి తీసుకుంటానంది. ఆ మాట నిలబడాల్సింది ఢిల్లీ కాగితాల్లోనే కాదు, శేరిలింగంపల్లి మండలంలోని చెరువు కట్టల మీద కూడా.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. దాంతోపాటే మొదటి గుంపులూ కదులుతాయి. పగటి పొద్దు పెరిగే కొద్దీ పక్షి ఒంట్లో హార్మోన్లు మారతాయి, ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు పేరుకుంటుంది. తలపై రెండు నల్లపట్టీలుండే బార్‌హెడెడ్ గూస్ ముందు వరుసలో ఉంటుంది. టిబెట్, మంగోలియా సరస్సుల్లో గుడ్లు పెట్టే ఈ బాతు హిమాలయాలు దాటేటప్పుడు 7,000 మీటర్లకు పైగా ఎగిరినట్టు ఉపగ్రహ పరికరాలు నమోదు చేశాయి. మార్చిలో సూదితోక బాతులు, గరిటెముక్కు షోవెలర్లు పలచబడతాయి. బాతుల్లో చివరిదాకా ఉండేది కంటి మీద తెల్లని చారగల గార్గనీ. ఏప్రిల్‌లో కూడా దాని గుంపులు కనిపిస్తాయి.

తర్వాతి వంతు ఉల్లంకి పిట్టలది. వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్, రఫ్, బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్, లిటిల్ స్టింట్ వంటివి ఏప్రిల్ అంతా బురద మీద తిరుగుతాయి. లిటిల్ స్టింట్ బరువు ముప్ఫై గ్రాములకు అటూఇటూ. అది గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తర కొసన, టండ్రా నేలల్లో. హైదరాబాద్ నుంచి అక్కడికి ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. ఏప్రిల్ చివర్లో పచ్చజిట్టంగులు, వానకోయిలలు కూడా సర్దుకుంటాయి. ఈలోపు మోదుగ, బూరుగ పూల మీద వాలి మకరందం తాగిన గులాబీ గోరింకలు కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో మిడతలు తిని పిల్లల్ని పెంచడానికి బయల్దేరతాయి. అవి వెళ్లాక మే చివర్లో, మృగశిర కార్తె దగ్గర పడుతుండగా, ఆఫ్రికా నుంచి చాతకం వస్తుంది.

వసంతంలో చెరువుకు వెళ్లేవారికి చలికాలంలో దొరకని లాభం ఒకటుంది. చలికాలంలో బూడిద రంగులో ఒకేలా కనిపించిన పక్షులు ఏప్రిల్‌కల్లా రంగు తొడుగుతాయి. గాడ్‌విట్ మెడ ఇటుక ఎరుపవుతుంది, పచ్చజిట్టంగి పసుపు మెరుగెక్కుతుంది. మగ రఫ్ ఒంటి మీద రంగు ఈకలు మొలవడం మొదలవుతుంది. జాతిని గుర్తుపట్టడం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి కాలం లేదు. ఎండకు భయపడి అదే కాలంలో ఎక్కువమంది బైనాక్యులర్లు పెట్టెలో పెట్టేస్తారు.

తొంభై ఏళ్ల రాతలు

ఈ నగరం చుట్టూ పక్షుల చరిత్ర చీకట్లో లేదు. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి చేసిన హైదరాబాద్ స్టేట్ పక్షి సర్వే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయింది. దక్కన్ చెరువుల పక్షుల గురించి క్రమపద్ధతిలో మనకున్న తొలి పెద్ద ఆధారం అదే. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అటవీ అధికారి పుష్ప్ కుమార్, పక్షి గ్రంథకర్త ఆశీష్ పిట్టీ వంటివారు దానికి ఊపిరిపోశారు. 'పిట్ట' అనే వార్తాలేఖ నెలనెలా సభ్యుల పరిశీలనలను నిలబెట్టింది. ఆ సంఘమే ఇప్పుడు డెక్కన్ బర్డర్స్. దానికి తోడు హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే వైల్డ్ లెన్స్ ఉన్నాయి. 2025లో ఈ సంఘాలూ డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియా కలిసి ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ప్రాంతాన్ని గళ్లుగా విభజించి హైదరాబాద్ బర్డ్ అట్లాస్ పని మొదలుపెట్టాయి.

ఐటీ కారిడార్ ఈ పనికి మనుషుల్నిచ్చిందని ఒప్పుకోవాలి. ఆదివారం తెల్లవారుజామున స్పాటింగ్ స్కోపు భుజాన వేసుకుని కట్ట మీదికి వచ్చేవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరో. చూసిన ప్రతి పక్షినీ ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించే అలవాటు వాళ్ల వల్లే ఇక్కడ పాతుకుంది. దేశమంతటా అలా పోగైన మూడు కోట్ల నమోదులతో 2023లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక వచ్చింది. 942 జాతుల్ని పరిశీలించిన ఆ నివేదిక దూరదేశాల నుంచి వచ్చే వలస పక్షులు స్థానిక పక్షుల కంటే వేగంగా తగ్గుతున్నాయని తేల్చింది. తీవ్రంగా దెబ్బతిన్నవాటిలో ఉల్లంకి పిట్టల బంధుగణం ఉంది. మన చెరువు అంచుల మీద ఆధారపడినది సరిగ్గా ఆ గణమే.

నాలుగు రకాల నీళ్లు

సైబరాబాద్ చుట్టూ ఉన్న నీటి వనరుల్ని వసంత వలస దృష్టితో నాలుగు తరగతులుగా చూడవచ్చు.

మొదటివి జంట జలాశయాలు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీపై ఉస్మాన్‌సాగర్ (గండిపేట), ఈసీపై హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. కట్టింది వరదకూ తాగునీటికీ అయినా, పక్షులకు ఇవి చేసిన మేలు వేరే ఉంది. కట్ట ఒకవైపే ఉంటుంది. మిగతా మూడు వైపులా నేల మెల్లగా వాలుతూ నీటిలోకి దిగుతుంది. ఎండాకాలంలో నీళ్లు ఒక అడుగు తగ్గితే ఎకరాల కొద్దీ కొత్త బురద బయటపడుతుంది. వారం వారం నీటి గీత వెనక్కి జరుగుతుంటే పక్షి దాని వెంటే నడుస్తుంది. వానలు బాగా పడి నీళ్లు ఏప్రిల్‌లోనూ అంచుల దాకా నిలిచిన ఏడాది బురద తక్కువ, ఉల్లంకులూ తక్కువ. బాతులు మాత్రం లోతు నీళ్లలో ఉంటాయి. అందుకే ఒక్క ఏడాది సంఖ్య చూసి పక్షులు పెరిగాయనో తరిగాయనో చెప్పడం పొరపాటు. ఆ ఏడాది నీటిమట్టం పక్కన రాయని లెక్కకు విలువ సగమే.

రెండోవి కారిడార్ నడిబొడ్డు చెరువులు. దుర్గం చెరువు, మల్కం చెరువు, ఖాజాగూడ చెరువు, నల్లగండ్ల చెరువు, తమ్మిడికుంట ఈ కోవలోవి. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభమైంది. గుట్టల మధ్య ఉన్న ఆ చెరువుకు సహజంగానే బురద అంచు తక్కువ. మిగతా చోట్ల అంచును మనమే తీసేశాం. చుట్టూ రాతి పేర్పు, దాని మీద నడకదారి, దీపాలు, బెంచీలు. నడిచేవారికి హాయే, కబ్జాలకు కొంత అడ్డుకట్టే. కానీ నిలువుగా దిగే రాతి గోడ దగ్గర నీళ్లు మొదటి అడుగులోనే లోతు. లిటిల్ స్టింట్ కాలు రెండు సెంటీమీటర్లుంటుంది. అది నిలబడే చోటే అక్కడ లేదు. అందుకే ఇలాంటి చెరువుల్లో నీటికాకులు, బొల్లికోళ్లు, కొంగలు కనిపిస్తాయి. దూరం వెళ్లాల్సిన చిన్న పక్షులు దిగవు.

మూడోవి ప్రాంగణాల్లోని నీళ్లు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో బఫెలో లేక్, పీకాక్ లేక్ చుట్టూ రాళ్లగుట్టలు, పొదలు, గడ్డి ఉన్నాయి. పటాన్‌చెరు దగ్గర 1972లో మొదలైన ఇక్రిశాట్‌కు దాదాపు 1,400 హెక్టార్ల ప్రాంగణం ఉంది. ప్రయోగ పొలాలు, వాటి మధ్య చెరువులు, కాపలా ఉన్న ప్రహరీ కలిసి దాన్ని నగరం చుట్టూ ఉత్తమ పక్షిస్థావరాల్లో ఒకటిగా నిలిపాయి. పక్షి రక్షణ కోసం ఎవరూ ఇది చేయలేదు. జనం రాకపోకలు తక్కువ కావడం, అంచుకు రాళ్లు పేర్చకపోవడం చాలాయి. విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025 మార్చి చివర చెట్లు కొట్టడం మొదలైతే ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. స్థానిక పక్షులు గూళ్లు పెట్టే కాలం, వలస పక్షులు కదిలే కాలం ఒక్కటైన వారాలవి.

నాలుగోవి చట్టం పేరు పెట్టి గుర్తించినవి. మియాపూర్ దాటాక ఉన్న అమీన్‌పూర్ చెరువు 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఆ హోదా పొందిన తొలి పట్టణ చెరువు అదే. దాని వెనుక అప్పటి పోలీసు ఉన్నతాధికారిణి తేజ్‌దీప్ కౌర్ మీనన్ చొరవ, ఊరివాళ్ల శ్రమ ఉన్నాయి. ఇంకొంచెం దూరాన సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యం ఉంది. నదిలోని దీవులు, బురద దిబ్బలు వలస పక్షులకూ మొసళ్లకూ కలిపి చోటిస్తున్నాయి. అమీన్‌పూర్ హోదా గొప్పదే. అయితే చెరువుకు నీళ్లు తెచ్చే వాగులు, చుట్టూ లేచే అపార్ట్‌మెంట్లు ఆ హద్దు బయట ఉన్నాయి. చెరువు గుణాన్ని నిర్ణయించేది ఆ బయటి నేలే.

మురుగు మీద వాదన

పక్షుల్ని చూసేవారిలోనూ ఒక వాదన తెగడం లేదు. మురుగు చేరే చెరువుల్లోనే కొన్నిసార్లు వందల పక్షులు కనిపిస్తాయి కదా, మురుగు అంత చెడ్డదా అని అడుగుతారు. ప్రశ్నలో నిజముంది. ఇళ్ల మురుగులో పోషకాలు ఎక్కువ. వాటితో దోమల్లాంటి కుట్టని కీటకాల ఎర్రటి లార్వాలు బురదలో విపరీతంగా పెరుగుతాయి. ఎర్రటి పొడుగు కాళ్ల స్టిల్ట్‌కూ, షోవెలర్‌కూ అది విందు. అందుకే మురుగు చెరువులో సంఖ్య పెద్దదిగా, జాతులు కొద్దిగా ఉంటాయి.

అసలు చేటు ఇంకో రెండు రకాలుగా వస్తుంది. ఒకటి గుర్రపుడెక్క. మురుగు తిని అది చెరువంతా పరుచుకుంటే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. బురద అంచు దాని కింద మూసుకుపోతుంది. రెండోది నీటిమట్టం. వానచెరువు సంక్రాంతి నుంచి తరుగుతుంది. కాలనీల మురుగు, శుద్ధి కేంద్రాల నీళ్లు రోజూ వచ్చి పడే చెరువు మేలో కూడా మత్తడి దగ్గరే నిలుస్తుంది. చెరువు ఎండకపోవడం మంచిదేనని మనం సంతోషిస్తాం. ఏప్రిల్‌లో బయటపడాల్సిన బురద బయటపడక పక్షి పస్తులుంటుంది. దక్కన్ చెరువు పుట్టుకలోనే నిండడం, తరగడం రెండూ ఉన్నాయి. రెండోదాన్ని లాక్కుంటే వలస పక్షి క్యాలెండరు తప్పుతుంది.

పరిశ్రమల వ్యర్థం సంగతి వేరు, దానికి సమర్థన లేదు. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అలాంటి నీళ్ల దగ్గర పక్షి ఆరోగ్యం, మనిషి ఆరోగ్యం వేర్వేరు సమస్యలు కావు.

చట్టం గీసిన గీత

చట్టాలున్నాయి. కానీ అవి అంచును చూడలేదు. 2012 నాటి 168వ జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపై చెరువులకు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. కట్టడాలను ఆపడానికి ఈ గీత పనికొస్తుంది. ఎఫ్‌టీఎల్ లోపల రాతి పేర్పు, నడకదారి వేస్తే బురద పోతుందన్న స్పృహ దానిలో లేదు. 1996 నాటి 111వ జీవో జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టింది. ఇక్కడి చెరువులకు ఇంత విశాలమైన రక్షణ మరెప్పుడూ దక్కలేదు. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆ ఆంక్షలను సడలించింది. గండిపేటకు పక్కనే ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టులో ప్రభుత్వ వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. ఆ ధర పలికే చోట వేసవిలో ఆరే శిఖం భూమిని ఖాళీగా వదిలేయమని అడగడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఇంకో లోటు దేశవ్యాప్తమైనది. 2017 చిత్తడినేలల నిబంధనలు తాగునీటికీ సేద్యానికీ మనుషులు తవ్విన నీటివనరుల్ని తమ పరిధి నుంచి తప్పించాయి. దక్కన్‌లో ప్రతి చెరువూ మనిషి కట్టినదే. ఆ ఒక్క వాక్యంతో మన చెరువులన్నీ ఆ రక్షణకు దూరమయ్యాయి. 1971 రామ్‌సర్ ఒప్పందం మాత్రం మానవ నిర్మిత నీటివనరుల్ని కూడా చిత్తడినేలలుగానే చూస్తుంది. 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల ఆక్రమణలను తొలగిస్తోంది. అదే ఏడాది ఆగస్టులో తమ్మిడికుంట ఒడ్డున పెద్ద కన్వెన్షన్ సెంటర్‌ను కూల్చింది. తిరిగొచ్చిన ఆ నేలలో ఏం చేస్తారన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. దాన్ని మళ్లీ రాళ్లతో, పూలకుండీలతో నింపితే చెరువుకు నేల దక్కినా పక్షికి అంచు దక్కదు.

లెక్కల్లో ఖాళీ నెలలు

పక్షుల్ని లెక్కపెట్టే పెద్ద కార్యక్రమాలు చలికాలం చుట్టూ అల్లుకున్నాయి. ఆసియా నీటిపక్షుల గణన జనవరిలో, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఫిబ్రవరిలో జరుగుతాయి. గ్లోబల్ బిగ్ డే మేలో వస్తుంది. మధ్యలో మార్చి, ఏప్రిల్ నెలలు వ్యక్తుల ఓపికకే వదిలేశాం. ఆ నమోదుల్లోనూ వారాంతాలే ఎక్కువ, పేరున్న చెరువులే ఎక్కువ. ఒక పక్షి ఒకే అంచు మీద మూడు వారాలు ఉండి వెళ్లిందా, రెండు రోజులకే దిక్కు మార్చిందా అన్నది ఇలాంటి లెక్కతో తేలదు. చెరువు విలువను చెప్పేది సరిగ్గా ఆ సమాచారమే.

ఏం చేయాలి

చెరువు చుట్టుకొలతలో కనీసం మూడో వంతును, అదీ కట్టకు ఎదురుగా నేల వాలే వైపును, రాళ్లూ నడకదారీ లేకుండా వదలాలి. ఎక్కడైనా పేర్పు వేయక తప్పకపోతే వాలు మెల్లగా ఉండాలి. శుద్ధిచేసిన నీటిని ఫిబ్రవరి నుంచి మే దాకా మళ్లింపు కాలువతో దిగువకు పంపి చెరువును తరగనివ్వాలి. తూములు మన పూర్వీకులు నీటిని దిగువకు వదలడానికే పెట్టారు. పూడిక, గుర్రపుడెక్క తీసే యంత్రాలు సాధారణంగా ఎండాకాలంలోనే దిగుతాయి. ఒక ఏడాది సగం చెరువు, మరుసటి ఏడాది మిగతా సగం చేస్తే పక్షికి ఎప్పుడూ ఒక ఒడ్డు మిగులుతుంది. ఆరిన గండిపేట, హిమాయత్‌సాగర్ నేల మీద కార్లు, బైకులు తిప్పడం ఆపాలి. ఆ నేల మీదే తీతువులు, చిన్న ప్లవర్లు గుడ్లు పెడతాయి. ఫొటో కోసం మేస్తున్న గుంపును లేపకూడదు. లేచి ఎగిరిన ప్రతిసారీ ప్రయాణానికి దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది.

కంపెనీలు సీఎస్ఆర్ నిధులతో చెరువులు దత్తత తీసుకుంటున్నాయి. ఆ ఒప్పందాల్లో ఫౌంటెన్లు, సెల్ఫీ పాయింట్లు ఉంటున్నాయి, పక్షుల లెక్క ఉండటం లేదు. ప్రతి దత్తత చెరువులో మార్చి మొదటి వారం నుంచి మే రెండో వారం దాకా వారానికోసారి ఒకే సమయంలో, ఒకే చోటి నుంచి, నీటిమట్టంతో సహా లెక్క తీయించాలి. ఆ లెక్క అందరికీ అందుబాటులో ఉంచాలి. ఖర్చు నడకదారి దీపాల కరెంటు బిల్లుకు మించదు. మనుషులకూ కొరత లేదు. ఏప్రిల్ ఉదయం ఆరింటికి చెరువు దగ్గర గంట గడిపి తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చోగలిగిన ఉద్యోగులు ఈ కారిడార్‌లో వేలల్లో ఉన్నారు.

చెరువు సుందరీకరణ పూర్తయిందని శిలాఫలకం వేసేముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలని అధికారుల్ని మనం అడగాలి: ఏప్రిల్ మూడో వారంలో ఇక్కడ ఎన్ని ఉల్లంకులు మేస్తున్నాయి? ఆ సంఖ్య సున్నా అయితే, ఎన్ని కోట్లు ఖర్చయినా ఆ పని అసంపూర్ణమే.